బాల్యానికి అండగా కుటుంబం, కుటుంబానికి అండగా రాజ్యం: దుర్గాబాయి దేశ్‌ముఖ్ జీవితం

(జూలై 15 – శ్రీమతి దుర్గాబాయి దేశ్‌ముఖ్ జయంతి సందర్భంగా ప్రత్యేక వ్యాసం)

హైదరాబాద్: పాతబస్తీలో దారుల్‌షిఫా సమీపాన ఉన్న పురానీ హవేలీ ఆరవ నిజాం మీర్ మహబూబ్ అలీ ఖాన్ నివసించిన రాజప్రాసాదం. 1869లో తండ్రి మరణించే నాటికి మూడేళ్లు కూడా నిండని ఆ బాలుని సింహాసనంపై కూర్చుండబెట్టి, మొదటి సాలార్‌జంగ్ ప్రభృతులు సంరక్షకులుగా రాజ్యభారం వహించారు. తరువాతి కాలంలో ఈ హవేలీ ప్రాంగణంలోనే హైదరాబాద్ కుటుంబ న్యాయస్థానం కొలువుదీరింది. మనోవర్తి కోరుతూ వచ్చే ఇల్లాళ్లు, బిడ్డను వారానికొకసారి చూచుకొనే అనుమతి కోసం వేచి ఉండే తండ్రులు, ఎవరి వెంట వెళ్లాలో తెలియక అమ్మమ్మ చెంగు పట్టుకొని నిలబడిన పసివారు ఆ వరండాలలో కనిపిస్తారు. ఇటువంటి వివాదాలకు సివిల్ కోర్టులకు భిన్నమైన ప్రత్యేక న్యాయస్థానం కావాలని మన దేశంలో తొలుత పట్టుబట్టిన వారిలో ఒకరు తెలుగింటి ఆడపడుచు, ఎనిమిదవ ఏటనే పెళ్లిపీటలెక్కిన బాలవధువు అన్న విషయం అక్కడికి వచ్చేవారిలో బహు కొద్దిమందికే తెలిసి ఉంటుంది.

ఆమె శ్రీమతి దుర్గాబాయి దేశ్‌ముఖ్. స్వాతంత్ర్య సమరయోధురాలిగా, రాజ్యాంగ నిర్ణాయక సభ సభ్యురాలిగా, ఆంధ్ర మహిళా సభ వ్యవస్థాపకురాలిగా ఆమెను స్మరించుకోవడం పరిపాటి. ఆపదలో ఉన్న బాలబాలికల విషయంలో ప్రభుత్వం కుటుంబంతో ఎట్లా వ్యవహరించాలన్న ప్రశ్నకు ఆమె తన జీవితకాలమంతా వెతికిన సమాధానం మాత్రం అంతగా ప్రచారంలోకి రాలేదు. శిశు సంక్షేమ శాఖల అధికారులకు, ఆ రంగంపై వార్తలు వ్రాసే పాత్రికేయులకు ఉపయుక్తమైనది ఆ సమాధానమే.

దుర్గాబాయి 1909 జూలై 15న రాజమహేంద్రవరంలో జన్మించారు. తండ్రి బెన్నూరి రామారావు, తల్లి కృష్ణవేణమ్మ. బాల్యం అధికభాగం కాకినాడలో గడిచింది. ఆనాటి మధ్యతరగతి కుటుంబాల ఆచారం ప్రకారం ఎనిమిదేళ్లకే ఆమె వివాహం సుబ్బారావు అనే బంధువుతో జరిగింది. అప్పటికి బాల్యవివాహాలను నిషేధించే చట్టమేదీ దేశంలో లేదు. బాలికల వివాహ వయస్సును పద్నాలుగేళ్లుగా నిర్ణయించిన శారదా చట్టం వచ్చినది 1929లో. బాలలకు సంబంధించి మద్రాసు రాష్ట్రంలో 1920లో ఒక చట్టం అమలులోకి వచ్చినా, దాని దృష్టి నేరారోపణకు గురైన బాలల మీద, దిక్కులేని బాలల మీద ఉండేది. తల్లిదండ్రులే స్వయంగా, సంతోషంగా పెళ్లిచేసి పంపే బాలిక ఆ చట్టం కంటికి ఆనేది కాదు.

యుక్తవయస్సు వచ్చి, వివాహమంటే ఏమిటో తెలిసిన తరువాత ఆమె కాపురానికి వెళ్లుటకు నిరాకరించారు. ఈ నిరాకరణ నెగ్గడానికి కారణం చట్టమూ కాదు, అధికారీ కాదు. తండ్రి, సోదరుడు ఆమె పక్షాన నిలిచారు. కన్నవారే పంతం పట్టి ఉంటే పదిహేనేళ్ల పిల్ల చేయగలిగినది ఏమీ ఉండేది కాదు. సుబ్బారావు మరొక వివాహం చేసుకున్నారు. కొన్నేళ్లకు ఆయన మరణించగా, నిరాధారగా మిగిలిన ఆ రెండవ భార్యకు ఆశ్రయమిచ్చి, చేతిపని నేర్పించి, స్వంత కాళ్లపై నిలబడేటట్లు చేసినది దుర్గాబాయే. ఒక పిల్ల తప్పించుకున్న చోటికి మరొక పిల్ల వెళ్లిందన్న ఎరుక ఆమెను వదలలేదనుటకు ఇంతకన్న నిదర్శనం అవసరం లేదు.

కాకినాడలో ఆమె బాల్యంలో జరిగిన మరొక సంఘటన ప్రసిద్ధమే అయినా, ఇక్కడ చెప్పుకోవలసి ఉన్నది. 1921 ఏప్రిల్‌లో మహాత్మాగాంధీ కాకినాడ వస్తున్నారని తెలిసి, దేవదాసీలు, పరదా పాటించే ముస్లిం మహిళలు ఆయనను కలుసుకొనే ఏర్పాటు చేయాలని పన్నెండేళ్ల దుర్గాబాయి సంకల్పించారు. బహిరంగసభకు రాలేని, రానివ్వని స్త్రీలు వీరు. అయిదు వేల రూపాయల నిధి సమకూర్చితే కొద్ది నిమిషాల వ్యవధి ఇస్తామని స్థానిక నాయకులు అన్నారు. దేవదాసీల సహాయంతోనే ఆమె ఆ సొమ్ము కూడగట్టారు. గాంధీజీ అనుకున్న సమయం కన్న ఎక్కువసేపు అక్కడ ఉన్నారు, స్త్రీలు తమ ఆభరణాలను తీసి నిధికి సమర్పించారు, ప్రసంగాన్ని హిందీ నుంచి తెలుగులోకి అనువదించినది ఆ బాలికే. తరువాతి సభలకు కూడా ఆమెనే అనువాదకురాలిగా వెంట తీసుకొని వెళ్లారు. ఇంగ్లీషు మాధ్యమం వద్దని బడి మాని, తాను నేర్చుకున్న హిందీని తోటి బాలికలకు, వారి తల్లులకు నేర్పుటకు ఆమె నడిపిన బాలికా హిందీ పాఠశాల కూడా ఈ కాలానిదే. ఆమెకు తెలిసిన మొదటి పద్ధతి ఇదే: స్త్రీలు రాలేని చోట సభ పెట్టి రమ్మనక, వారున్న చోటికే వెళ్లడం.

1930 ఉప్పు సత్యాగ్రహంలో మద్రాసులో పాల్గొని అరెస్టయ్యారు. 1930, 1933 సంవత్సరాల మధ్య మూడుసార్లు కారాగారవాసం అనుభవించారు. మదురై జైలులో ఉరిశిక్ష పడిన ఖైదీల గదుల పక్కన ఏకాంతంగా ఉంచారు. వెల్లూరు జైలులో ఆమెను కలచివేసినది మాత్రం తన శిక్ష కాదు. తాము చేసిన నేరమేమిటో, ఒప్పుకొన్నదేమిటో, కాగితంపై వేలిముద్ర ఎందుకు వేశారో తెలియని సాధారణ స్త్రీ ఖైదీలు అక్కడ కనిపించారు. వారి బిడ్డలు బయట ఎవరి పంచన ఉన్నారో చెప్పగలవారు లేరు. చట్టం చదవాలన్న నిర్ణయం అక్కడే రూపుదిద్దుకున్నది.

ఆగిపోయిన చదువును పెద్ద వయస్సులో తిరిగి ఆరంభించడం ఎంత కష్టమో స్వానుభవంతో తెలుసుకున్న వ్యక్తి ఆమె. బెనారస్ హిందూ విశ్వవిద్యాలయం నుంచి మెట్రిక్యులేషన్, ఆంధ్ర విశ్వవిద్యాలయం నుంచి రాజనీతి శాస్త్రంలో పట్టా, మద్రాసులో న్యాయశాస్త్ర పట్టా పొంది 1942లో న్యాయవాద వృత్తి చేపట్టారు. ఈ చదువు సాగుతుండగానే మద్రాసు మైలాపూరులో ఇరుగుపొరుగు పిల్లలతో నడిపిన బృందమే 1937లో ఆంధ్ర మహిళా సభగా విస్తరించింది. పిల్లల కోసం పెట్టిన బృందం తల్లుల సంస్థగా మారిన క్రమం గమనింపదగినది. పిల్లలు ఆటపాటలకు వచ్చారు, వారి వెంట వచ్చిన తల్లులకు, అత్తలకు, వితంతువులైన బంధువులకు మెట్రిక్ తరగతులు, కుట్టుపని, చేతివృత్తులు అవసరమని తేలింది, ఆపైన ప్రసూతి వైద్యం, ఆసుపత్రి. బిడ్డ ద్వారా ఇంట్లోకి ప్రవేశించి, తల్లి సంపాదన ద్వారా బిడ్డను నిలబెట్టడం అన్న సూత్రం ఏ గ్రంథం నుంచీ గాక ఆ మైలాపూరు ఇంటి నుంచే ఆమెకు అలవడినది.

1946లో రాజ్యాంగ నిర్ణాయక సభకు ఎన్నికై, అధ్యక్షుల ప్యానెల్‌లోని ఏకైక మహిళగా సభను నిర్వహించే గౌరవం పొందారు. ఆ సభ రూపొందించిన రాజ్యాంగంలోని 24వ అధికరణం పద్నాలుగేళ్ల లోపు బాలలను కర్మాగారాలలో, గనులలో, ఇతర ప్రమాదకర పనులలో నియమించరాదని శాసించింది. 39వ అధికరణం బాల్యాన్ని, యౌవనాన్ని దోపిడీ నుంచి, నిరాదరణ నుంచి కాపాడే బాధ్యతను రాజ్యంపై ఉంచింది. ఆ బాధ్యతను ఏ యంత్రాంగం నెరవేర్చాలన్నది రాజ్యాంగం చెప్పలేదు. 1952 ఎన్నికలలో పరాజయం పొందిన దుర్గాబాయిని ప్రణాళికా సంఘం సభ్యురాలిగా నియమించడంతో ఆ యంత్రాంగాన్ని నిర్మించే అవకాశం ఆమెకే లభించింది. రాజకీయంగా ఓటమి, దేశానికి లాభమైన సందర్భాలలో ఇదొకటి. 1953 జనవరి 22న నాటి కేంద్ర ఆర్థికమంత్రి చింతామన్ ద్వారకానాథ్ దేశ్‌ముఖ్‌తో ఆమె వివాహం జరిగింది. ప్రధాని జవహర్‌లాల్ నెహ్రూ సాక్షులలో ఒకరు.

కేంద్ర సాంఘిక సంక్షేమ బోర్డు

మొదటి పంచవర్ష ప్రణాళికలో స్వచ్ఛంద సంక్షేమ సంస్థల సహాయార్థం నాలుగు కోట్ల రూపాయలు కేటాయించారు. ఈ నిధిని ఎవరు, ఏ ప్రాతిపదికపై పంచాలన్న ప్రశ్నకు సమాధానంగా 1953 ఆగస్టులో కేంద్ర సాంఘిక సంక్షేమ బోర్డు ఏర్పడింది. దుర్గాబాయి దాని ప్రథమ అధ్యక్షురాలు. మామూలు ప్రభుత్వ శాఖగా గాక, అనుభవజ్ఞులైన స్వచ్ఛంద కార్యకర్తలు, ముఖ్యంగా మహిళలు, నిర్ణయాలు తీసుకొనే సంస్థగా దానిని తీర్చిదిద్దారు. రాష్ట్రాలలోనూ సలహా బోర్డులు నెలకొల్పారు.

ఈ నిర్మాణంలో దాగిన ఆలోచనను వివరంగా చూడవలసి ఉన్నది. ఆనాటికి బాలల సంక్షేమం అంటే ప్రధానంగా అనాథాశ్రమం. హైదరాబాద్ నగరంలో ఆరవ నిజాం కాలం నాటి సరూర్‌నగర్ విక్టోరియా మెమోరియల్ హోం ఇందుకు ఘనమైన ఉదాహరణ, పెద్ద భవనం, విశాలమైన ఆవరణ. పూర్వపు హైదరాబాద్ రాష్ట్రం 1951లో స్వంతంగా బాలల చట్టం చేసుకొన్నది. ఈ చట్టాలన్నిటి నడక ఒకటే, బిడ్డ ఇల్లు దాటి వీధిన పడిన తరువాత, లేదా పోలీసు కంటబడిన తరువాత, ఆ బిడ్డను ఒక హోంలో చేర్చడం. దుర్గాబాయి హోంలను తక్కువ చేయలేదు, వాటికి గ్రాంట్లు ఇచ్చినది ఆమె బోర్డే. అయితే బిడ్డ వీధిన పడకముందే ఇంటి గడపలో నిలబడే మనిషి కావాలన్నది ఆమె విధానం.

1954లో ప్రారంభమైన సంక్షేమ విస్తరణ పథకాలు ఈ ఉద్దేశంతో వచ్చినవే. సుమారు పాతిక గ్రామాలను ఒక పథకం కిందికి తెచ్చి, గ్రామసేవిక, మంత్రసాని, చేతిపనుల శిక్షకురాలు అనే ముగ్గురు స్త్రీలను అక్కడ నియమించారు. బాలవాడి, ప్రసూతి సేవ, వయోజన స్త్రీలకు అక్షరాస్యత, కుట్టుపని వారి కార్యక్రమం. పథకం అమలు సంఘంలో స్థానిక మహిళలే అధికులు. గ్రామసేవిక చేతిలో లాఠీ లేదు, వారంటు లేదు, బిడ్డను తీసుకొనిపోయే అధికారం లేదు. ఆ అధికారం లేకపోవడం వల్లనే తలుపు తెరుచుకొనేది. బాలవాడికి రాని పిల్ల గురించి అడుగుతూ వెళ్లిన సేవికకు, ఆ పిల్లకు పెళ్లి కుదిరిందనో, పశువుల వెంట పంపారనో, తల్లి మంచాన పడిందనో తెలిసేది. 1958లో మొదలైన సంక్షిప్త విద్యాకోర్సుల ద్వారా చదువు మానేసిన వయోజన స్త్రీలు స్వల్పకాలంలో పరీక్షలకు సిద్ధమయ్యే వీలు కలిగింది. వారిలో పలువురు గ్రామసేవికలుగా, ఉపాధ్యాయినులుగా, నర్సులుగా అదే గ్రామాలకు తిరిగివచ్చారు. మైలాపూరులో ఒక ఇంట్లో జరిగినది దేశవ్యాప్త పథకంగా మారిన విధానమిది. 1958లోనే జాతీయ స్త్రీవిద్యా సంఘానికి ఆమె అధ్యక్షత వహించి, మరుసటి ఏడు నివేదిక సమర్పించారు.

ఈ పద్ధతికి ఒక బలహీనత ఉన్నదని అంగీకరించక తప్పదు. కుటుంబం పేదదైనా బిడ్డ మేలు కోరేదైతే గ్రామసేవిక చాలును. కుటుంబమే బిడ్డకు హాని తలపెట్టినప్పుడు స్నేహపూర్వకమైన పలకరింపు సరిపోదు. అక్కడ ఆజ్ఞాపించగల అధికారం కావాలి. న్యాయవాది అయిన దుర్గాబాయికి ఇది తెలియనిది కాదు.

కుటుంబ న్యాయస్థానాల ఆలోచన

1953లో చైనా పర్యటనకు వెళ్లినప్పుడు అక్కడ కుటుంబ వివాదాలకు ప్రత్యేకించిన న్యాయస్థానాల పనితీరును ఆమె పరిశీలించారు. తిరిగివచ్చిన తరువాత న్యాయమూర్తులు ఎం.సి. ఛాగ్లా, పి.బి. గజేంద్రగడ్కర్‌లతోను, ప్రధాని నెహ్రూతోను ఈ విషయమై చర్చించారు. ప్రతివాదిని ఓడించడమే లక్ష్యంగా సాగే సివిల్ దావా పద్ధతిలో భార్యాభర్తలలో ఎవరు గెలిచినా బిడ్డ ఓడిపోతుంది. సాక్ష్యాల కన్న ముందు రాజీకి అవకాశం, న్యాయమూర్తికి తోడుగా సంక్షేమ నిపుణులు, సామాన్య స్త్రీ స్వయంగా వచ్చి తన మాట చెప్పుకోగల వాతావరణం కావాలని ఈ ఆలోచన సారాంశం. వెల్లూరు జైలులో చూసిన వేలిముద్రల స్త్రీలు ఈ ఆలోచన వెనుక ఉన్నారనుకోవడం అతిశయోక్తి కాదు.

ఆ ఆలోచన చట్టరూపం దాల్చుటకు మూడు దశాబ్దాలు పట్టింది. 1974లో న్యాయ సంఘం తన 59వ నివేదికలో కుటుంబ వివాదాలకు భిన్నమైన విధానం కావాలని సూచించింది. 1984లో పార్లమెంటు కుటుంబ న్యాయస్థానాల చట్టాన్ని ఆమోదించింది. పదిలక్షలకు మించిన జనాభా గల ప్రతి నగరంలో ఇటువంటి న్యాయస్థానం నెలకొల్పాలని, అది ముందుగా రాజీకి ప్రయత్నించాలని, కౌన్సెలర్లను, సంక్షేమ నిపుణులను వినియోగించుకోవాలని ఆ చట్టం నిర్దేశించింది. కక్షిదారుకు న్యాయవాదిని హక్కుగా నియమించుకొనే వీలు అందులో లేదు, న్యాయస్థానం అవసరమనుకుంటే అనుమతిస్తుంది. స్వయంగా న్యాయవాది అయిన వ్యక్తి బీజం వేసిన వ్యవస్థలో ఈ నిబంధన చోటుచేసుకోవడం విశేషం. మతంతో నిమిత్తం లేకుండా అన్ని వర్గాల వివాహ, భరణ, సంరక్షణ వివాదాలు ఈ న్యాయస్థానం పరిధిలోకి వస్తాయి. మైనరు సంరక్షణ విషయంలో 1890 నాటి గార్డియన్స్ అండ్ వార్డ్స్ చట్టం ప్రకారం బిడ్డ క్షేమమే గీటురాయి.

ఆ చట్టాన్ని చూడకుండానే దుర్గాబాయి 1981 మే 9న కన్నుమూశారు. 1975లో భారత ప్రభుత్వం ఆమెను పద్మవిభూషణ్ పురస్కారంతో సత్కరించింది. జీవిత చరమాంకంలో ఆమె కార్యక్షేత్రం హైదరాబాద్. ఆంధ్ర మహిళా సభ ఉస్మానియా విశ్వవిద్యాలయ ప్రాంతంలో మహిళా కళాశాలను, సాక్షరతా భవన్‌ను, విద్యానగర్‌లో ఆసుపత్రిని అభివృద్ధి చేసింది. భర్త సి.డి. దేశ్‌ముఖ్ 1982 అక్టోబరు 2న హైదరాబాద్‌లో మరణించారు.

పాతబస్తీలో పరీక్ష

దుర్గాబాయి విధానానికి కఠినమైన పరీక్ష ఎదురైన ప్రదేశాలలో పాతబస్తీ ఒకటి. అరబ్ దేశాల నుంచి వచ్చే వయోవృద్ధులతో పేద కుటుంబాల బాలికలకు నిఖా జరిపించి, కొద్దిరోజులకే విడిచిపెట్టే దురాచారం 1990 దశకం ఆరంభంలో దేశం దృష్టికి వచ్చింది. 2017 సెప్టెంబరులో హైదరాబాద్ పోలీసులు ఒమన్, ఖతార్ దేశాలకు చెందిన ఎనిమిది మందిని, దళారులను, ఖాజీలను అరెస్టు చేయడంతో అది ఆగలేదన్న సంగతి తేటతెల్లమైనది. ఈ పెళ్లిళ్లలో దళారి ఉన్నాడు, వసతి ఇచ్చినవాడు ఉన్నాడు, వయస్సు పెంచి సియాహానామా వ్రాసినవాడు ఉన్నాడు. అయితే వీరందరికీ ముందు అంగీకరించినది ఇంటి పెద్దే. అప్పు, అద్దె బకాయి, పెద్దకూతురి పెళ్లి ఖర్చు, తండ్రి అనారోగ్యం కారణాలు ఏవైనా కావచ్చు.

1917లో దుర్గాబాయికి లేని రక్షణలు చట్టంలో నేడు ఉన్నాయి. 2006 బాల్యవివాహ నిషేధ చట్టం ప్రకారం నిషేధాధికారి నియామకం, న్యాయస్థానం ద్వారా పెళ్లి నిలిపివేత, మోసగించి లేదా అమ్మకం నిమిత్తం జరిపిన పెళ్లి చెల్లకుండుట, తక్కిన వాటిని యుక్తవయస్సు వచ్చిన రెండేళ్ల వరకు ఆ బాలికే రద్దు చేయించుకొనే హక్కు సమకూరాయి. ఈ చట్టానికి, ముస్లిం వ్యక్తిగత చట్టానికి గల సమన్వయంపై న్యాయస్థానాలలో భిన్న తీర్పులు వెలువడిన మాట వాస్తవం. అయితే 2012 నాటి పోక్సో చట్టానికి మత భేదం లేదు. పద్దెనిమిదేళ్లలోపు భార్యతో సంపర్కం కూడా అత్యాచారమేనని 2017 అక్టోబరు 11న సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. 2015 బాల న్యాయ చట్టం మరొక అడుగు ముందుకు వేసి, పద్దెనిమిదేళ్లలోపు వివాహ ప్రమాదంలో ఉన్న బాలికను రక్షణ, సంరక్షణ అవసరమైన బాలల జాబితాలో చేర్చింది.

అటువంటి బాలికను 24 గంటలలోగా బాలల సంక్షేమ సమితి ఎదుట హాజరుపరచాలి. అధ్యక్షుడు, నలుగురు సభ్యులు గల ఈ సమితిలో కనీసం ఒకరు మహిళ. సామాజిక విచారణ పదిహేను రోజులలో ముగియాలి. సామాజిక కార్యకర్త ఇంటికి వెళ్లి ఆదాయం, అప్పులు, తోబుట్టువుల సంఖ్య, ఇంట్లో ఎవరి మాట చెల్లుతుందన్నది, మేనమామ లేదా అమ్మమ్మ వంటి నమ్మదగిన బంధువు ఉన్నారా అన్నది చూచి నివేదిక ఇస్తారు. దాని ఆధారంగా సమితి బిడ్డను ఇంటికి పంపవచ్చు, పర్యవేక్షణ షరతుతో పంపవచ్చు, బంధువుకు అప్పగించవచ్చు, పెంపక కుటుంబంలో ఉంచవచ్చు, కుటుంబానికి స్పాన్సర్‌షిప్ కింద ఆర్థిక సహాయం సిఫారసు చేయవచ్చు. హోంలో ఉంచడం చిట్టచివరి మార్గమని చట్టమే స్పష్టంగా చెప్పింది. దుర్గాబాయి గ్రామసేవిక చేసిన పనికి అధికారం జతపడిన రూపమిది అనవచ్చు.

చిక్కు ఎక్కడంటే, ఇంటికి పంపడమే చట్టం ప్రధాన లక్ష్యమైనప్పుడు, పెళ్లి కుదిర్చినది ఆ ఇల్లే అయితే ఏమి చేయాలి? హోంలో ఉంచితే బాలిక తనకే శిక్ష పడిందనుకొంటుంది, తల్లి మీద, చెల్లెళ్ల మీద బెంగతో వెళ్లిపోతానంటుంది. పంపితే వీధి మారి, పేరు మారి అదే పెళ్లి మళ్లీ కుదరవచ్చు. తండ్రి చేత పూచీకత్తు కాగితంపై సంతకం చేయించి ఫైలు మూసివేయడం సులువైన మార్గం, ప్రమాదకరమైనది కూడా. సంతకం పెట్టిన తండ్రికి అప్పు తీరలేదు గదా. బాలిక ఇంటికి వెళ్లిన తరువాతి నెలలలో ఆ గడప తొక్కినవారు ఉన్నారా లేదా అన్నదానిపైనే ఇటువంటి కేసుల ఫలితం ఆధారపడుతుంది.

బాలకార్మికుల విషయంలోనూ ఇదే చిక్కు కనిపించింది. 2015 జనవరిలో దక్షిణ మండల పోలీసులు భవానీనగర్, తలాబ్‌కట్ట ప్రాంతాలలో తనిఖీలు జరిపి, గాజుల తయారీ గదులలో మగ్గుతున్న రెండు వందలకు పైగా బాలలను విడిపించారు. చార్మినార్ పక్కన లాడ్‌బజార్‌లో మెరిసే గాజుల వెనుక ఉన్న ఆ చీకటి గదులు పత్రికలలో పతాక శీర్షికలయ్యాయి. వారిలో అత్యధికులు బీహార్ పిల్లలు. తల్లిదండ్రులు కొద్దిపాటి ముందస్తు సొమ్ము తీసుకొని దళారి వెంట పంపినవారు. వారిని స్వరాష్ట్రానికి తిరిగి పంపించారు. వెయ్యి మైళ్ల దూరంలోని ఇంటి పరిస్థితిని హైదరాబాద్ సమితి చూడజాలదు, బిడ్డ స్వస్థలంలోని సమితికి బదిలీ చేయడమే చట్టం చూపిన దారి. అక్కడ గడప తట్టే మనిషి లేకపోతే మరుసటి పండుగ తరువాత అదే రైలులో ఆ పిల్లవాడు తిరిగిరావచ్చు. అదే ఏడాది నుంచి ఏటా జనవరిలో ఆపరేషన్ స్మైల్, జూలైలో ఆపరేషన్ ముస్కాన్ పేరిట తనిఖీలు జరుపుతున్నారు.

తల్లిదండ్రులు పిల్లల చదువును కోరుకోరన్న అభిప్రాయం తప్పని 1991 నుంచి రంగారెడ్డి జిల్లాలో మామిడిపూడి వెంకటరంగయ్య ఫౌండేషన్ చేసిన కృషి రుజువు చేసింది. బడి అందుబాటులో ఉండి, ఊరంతా ఒక మాట మీద నిలిస్తే పేద తల్లి కూడా బిడ్డను పని మాన్పిస్తుందని ఆ సంస్థను నడిపిన శాంతా సిన్హా చూపించారు. 2007లో ఏర్పడిన జాతీయ బాలల హక్కుల పరిరక్షణ సంఘానికి ఆమే ప్రథమ అధ్యక్షురాలయ్యారు. పాతబస్తీలో సుల్తాన్‌షాహీ ప్రాంతాన కవయిత్రి జమీలా నిషాత్ నెలకొల్పిన షాహీన్ సంస్థ బాలికలకు, యువతులకు వృత్తి శిక్షణ, సలహా ఇస్తూ అటువంటి పెళ్లిళ్లకు ఎదురునిలిచింది. ఉర్దూ మాట్లాడే, అదే గల్లీలో పుట్టిపెరిగిన అమ్మాయి తలుపు తడితే లోపలినుంచి వచ్చే జవాబు వేరు, జీపు దిగి వచ్చిన అధికారికి వచ్చే జవాబు వేరు. 1980 దశకంలో సాంఘిక సంక్షేమ బోర్డు స్వచ్ఛంద సంస్థల ద్వారా కుటుంబ సలహా కేంద్రాలను నడిపించుటలోని ఉద్దేశం కూడా ఇదే.

ఆర్థికంగా ఇంటిని నిలబెట్టే ప్రయత్నాలలో 2014 అక్టోబరు 2న తెలంగాణ ప్రభుత్వం ప్రారంభించిన షాదీ ముబారక్, కల్యాణలక్ష్మి పథకాలు పేర్కొనదగినవి. తొలుత 51,000 రూపాయలుగా ఉన్న సహాయం తరువాత 75,116 రూపాయలకు, ఆపైన 1,00,116 రూపాయలకు పెరిగింది. వధువుకు పద్దెనిమిదేళ్లు నిండాలన్నది ప్రధాన నిబంధన. పెళ్లి ఖర్చుకు భయపడి పదిహేనేళ్లకే పిల్లను పంపించే తండ్రిని మూడేళ్లు ఆగమని చెప్పుటకు అధికారి చేతిలో ఇదొక సాధనం. ఆ మూడేళ్లు బాలిక ఏమి చేయాలన్న ప్రశ్నకు మాత్రం పెళ్లి సహాయం సమాధానం కాజాలదు. బడి, సార్వత్రిక పాఠశాల ద్వారా పదవ తరగతి, చేతిలో ఒక వృత్తి ఉండాలి. బాలల సంక్షేమ సమితి ముందుకు వచ్చే బాలికకు వ్యక్తిగత సంరక్షణ ప్రణాళిక తయారుచేయాలని చట్టం చెబుతున్నది. ఆ ప్రణాళికలో బాలికతో పాటు తల్లి ఉపాధికి కూడా ఒక పేజీ కేటాయించిన చోట, పొదుపు సంఘం, కుట్టు కేంద్రం, రుణ సదుపాయం వంటి వాటితో జోడించిన చోట, ఆ కేసు రెండవసారి సమితి ముందుకు వచ్చే అవకాశం తగ్గుతుంది. ఈ జోడింపునకు మహిళాభివృద్ధి, శిశు సంక్షేమ శాఖతో పాటు మైనారిటీ సంక్షేమ, విద్య, పోలీసు, రెవెన్యూ శాఖలు ఒకే చోట కూర్చోవలసి ఉంటుంది. ఆ ఏర్పాటు జిల్లా కలెక్టరు అధ్వర్యంలోని బాలల పరిరక్షణ విభాగం చేతిలో ఉన్నది.